9ఎంఎం రీలోడింగ్‌కి డిల్లన్ 550నా, 750నా?

టెక్సస్‌లో ఉంటాను, వీకెండ్స్‌లో యూఎస్‌పీఎస్‌ఏ పిస్టల్ షూటింగ్ పోటీలకి వెళ్తుంటాను, ఇప్పటిదాకా కాల్చేసిన కేసుల్ని (ఖాళీ తూటా తొడుగుల్ని) మళ్లీ నింపి, సింగిల్ స్టేజ్ ప్రెస్ (లాగిన ప్రతిసారీ ఒక్క పనే చేసే మెషిన్) మీదే 9ఎంఎం తూటాలు చేసుకుంటున్నాను కానీ ఒక్కో కేసుకి హ్యాండిల్ అన్నిసార్లు లాగడం ఇక నావల్ల కావట్లేదు. ప్రోగ్రెసివ్ ప్రెస్ (ఒక్కసారి లాగితే అన్ని స్టేషన్లలోనూ ఒకేసారి పని జరిగేది) కొనాలి.

డిల్లన్ 550సీకి నాలుగు స్టేషన్లు, షెల్‌ప్లేట్ (కేసుల్ని పట్టుకుని ఉండే పళ్లెం) చేత్తోనే తిప్పాలి. క్యాలిబర్ మార్చడం తేలికట, తర్వాత .223 రైఫిల్ తూటాలు కూడా చేయాలనుంది కాబట్టి అది నచ్చింది. కానీ తిప్పడం మర్చిపోతే అదే కేసులో పౌడర్ రెండోసారి పడుతుంది, 9ఎంఎంలో డబుల్ చార్జ్ అంటే గన్‌తో పాటు చేయి కూడా పోవచ్చు, నాకు అసలు టెన్షన్ అదే. ఎక్స్‌ఎల్750 అయితే దానంతట అదే తిరుగుతుంది, ఐదో స్టేషన్ ఉంది కాబట్టి పౌడర్ చెక్ (కేసులో పౌడర్ సరిగ్గా పడిందో లేదో చూసేది) పెట్టుకోవచ్చు. హోర్నడీ లాక్-ఎన్-లోడ్ ఏపీకీ ఐదు స్టేషన్లే, డైలు (కేసుని మలిచే అచ్చులు) బుషింగ్‌లతో చటుక్కున మారతాయి.

స్పీడ్ కంటే సేఫ్టీయే ముఖ్యం నాకు. వీటిని ఏళ్ల తరబడి వాడినవాళ్లు చెప్పండి, ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న బిళ్ల) ఫీడ్ దేంట్లో తక్కువ సతాయిస్తుంది? 550లో ప్రతి కేసులోకీ కళ్లతో చూసుకుంటే సరిపోతుందా, లేక పౌడర్ చెక్ కోసం 750కే వెళ్లాలా?