కంచు మ్రోగునట్లు: మరి ఇత్తడి?

హనుమకొండ: తవ్వకాల్ల దొరికిన వస్తువుల పట్టీకి తెలుగు పేర్లు కావాలె. పచ్చబారిన గిన్నె ముక్కకు కంచు అని రాయాల్నా, ఇత్తడి అనా? వేమన పాదం నోట్లె మెదులుతుంది: ‘కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా’. మోగిస్తే తేలుతదా?

జగిత్యాల: ‘మ్రోగినట్లు’ కాదు సార్, ‘మ్రోగునట్లు’. కంచు గుణం చెప్తున్నడు, ఒకసారి మోగిన సంగతి కాదు.

కరీంనగర్: ఛందస్సు మాత్రం తీర్పు చెప్పదు. ఆటవెలది మూడో పాదం. ‘మ్రోగు’ అన్నా ‘మ్రోగి’ అన్నా హగణమే. కం–క యతి ఎట్లాగూ కుదిరింది. వేమన బంగారం చేసే విద్య వెంట తిరిగిండంటరు, లోహాల చప్పుడు ఆయన చెవికి తెలుసు.

పెద్దపల్లి: ముక్కను మోగించొద్దు. మట్టిల నానిన లోహం లోపల గుల్లబారి ఉంటది, తడితే విరుగుతది. కంచుల తగరం, ఇత్తడిల జింకు. పైన పచ్చ చిలుము రెంటికీ ఒక్క తీరే. పట్టీల ‘రాగి మిశ్రమం’ అని రాయండి. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్‌ల (ఎక్స్‌రే కొట్టి ఏ లోహం ఎంతుందో చూసే పరీక్ష) తగరం తేలినంకనే కంచు. అది గూడ చిలుము మీద పెడితే తప్పు చూపిస్తది: రాగి కారిపోయి, తగరం ఉన్నదానికన్న ఎక్కువ కనబడుతది. శాతవాహనుల పోటిన్ నాణేలను రాగివని రాసుడు ఇసొంటి తొందరే, వాటిల సీసం, తగరం కలిసుంటయి. ఇంకోటి: పదార్థం ఒక గడిల, వస్తువు ఇంకో గడిల. ‘కంచం’ అని రాస్తే పళ్లెమా, కంచుదా? స్టీలుదాన్ని గూడ కంచమే అంటం గద.

జనగామ: చిలుము కాదు, కిలుము. కన్నడంల కిలుబు, తమిళంల కళింబు. ‘ఇ’, ‘ఎ’ల ముందు క, చ అవుడు తెలుగు అలవాటు: వాళ్ల కివి మన చెవి. చిలుము తర్వాతి రూపం.

జగిత్యాల: అట్లయితే కెంపు ‘చెంపు’ ఎందుకు కాలే?

జనగామ: కన్నడం నుంచి ఆలస్యంగ వచ్చిందని నా లెక్క.

పెద్దపల్లి: ఏదన్నా అనండి, చింతపండుతోని తోమొద్దు. గట్టి ముదురాకుపచ్చ పొరనే వస్తువు ఆకారాన్ని పట్టి ఉంచుతది. లేతాకుపచ్చ పొడి చుక్కలు రాలుతున్నయంటే లోహాన్ని క్లోరైడు తింటున్నట్టు. దాన్ని విడిగ, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన బిగుతు డబ్బాల పెట్టాలె, తేమ తగిలితే ఆగదు. రెంటికీ ఒక్క మాటే రాస్తే ఏ డబ్బా తెరిచి చూడాల్నో తెల్వది.

జనగామ: పొడికిలుము అందాం.

జగిత్యాల: పొడిచిలుము.