బయాస్‌లో హార్డ్ డిస్క్ కనిపిస్తోంది, కానీ విండోస్ రావడం లేదు

కొత్తకీబోర్డు:

నమస్తే అందరికీ. డెస్క్‌టాప్ కొంచెం పాతదే, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. రాత్రి మామూలుగానే షట్‌డౌన్ చేసి, ఎప్పుడూ లేనిది గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేశాను. పొద్దున ఆన్ చేస్తే విండోస్ రాలేదు, నేరుగా బయాస్ స్క్రీన్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్లిపోయింది. సేవ్ అండ్ ఎగ్జిట్ కొడితే రీస్టార్ట్ అయి మళ్లీ అక్కడికే వస్తోంది. విచిత్రం ఏంటంటే స్టోరేజ్ పేజీలో డిస్క్ పేరు, సైజు బాగానే కనిపిస్తున్నాయి, దేని నుంచి విండోస్ మొదలుపెట్టాలో చెప్పే బూట్ ఆర్డర్ లిస్ట్ మాత్రం ఖాళీ. డిస్క్ తిరుగుతున్న చప్పుడు వస్తోంది, టక్ టక్ లాంటివేమీ లేవు. సాటా కేబుల్ పీకి పెట్టాను, వేరే పోర్టుకి కూడా మార్చి చూశాను, తేడా లేదు. ఇంకోటి, సంబంధం ఉందో లేదో గానీ బయాస్‌లో తేదీ ఏదో పాత సంవత్సరం జనవరి 1 అని చూపిస్తోంది.

ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేసెయ్ అంటున్నారు తెలిసినవాళ్లు. అందులో ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు ఉన్నాయి, వాటికి వేరే కాపీ లేదు. అదీ టెన్షన్. డిస్క్ పోయినట్టేనా?

ఖాళీసెక్టర్:

ఫార్మాట్ మాట పక్కన పెట్టండి. మీరు ఇంకోటి అంటూ చివర్లో పెట్టిన తేదీ సంగతే నా దృష్టిలో అసలు విషయం.

మదర్‌బోర్డు మీద నాణెంలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అని దాని మీదే రాసి ఉంటుంది, 3 వోల్టులది. గడియారం నడిపేదీ, చాలా బోర్డుల్లో బయాస్ సెట్టింగులను గుర్తుపెట్టుకోవడానికి కరెంట్ ఇచ్చేదీ అదే. అయితే ప్లగ్‌లో కరెంట్ ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆపేసి ఉన్నా సరే, పవర్ సప్లై నుంచి వచ్చే స్టాండ్‌బై కరెంట్‌తో ఆ పని జరిగిపోతుంది. అందుకే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినా మనకు తెలీదు, గోడ స్విచ్ ఆపిన రాత్రే బయటపడుతుంది. సెట్టింగులు అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలా అయిపోతాయి.

డిస్క్ కనిపిస్తూ బూట్ లిస్ట్ ఖాళీగా ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉండొచ్చు. విండోస్ వేసినప్పుడు డిస్క్‌ని పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్‌గా పెట్టి ఉంటే, బయాస్ ఆ డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లు చదివి అక్కడి నుంచి బూట్ మొదలుపెడుతుంది. కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ అలా చెయ్యదు, డిస్క్‌లో ఫ్యాట్32తో ఉన్న ఒక చిన్న పార్టిషన్ కోసం వెతికి అందులో విండోస్ బూట్ మేనేజర్ ఫైల్‌ని తీసుకుంటుంది. ఎంబీఆర్ డిస్క్‌లో ఆ పార్టిషన్ మామూలుగా ఉండదు. పాత పద్ధతికి కావలసిన సీఎస్ఎం అనే ఆప్షన్ సెట్టింగులతో పాటు ఆఫ్ అయిపోయి ఉంటే, డిస్క్ నిక్షేపంగా ఉన్నా బూట్ చేయడానికి బయాస్‌కి అందులో ఏమీ దొరకదు.

కాబట్టి ముందు ప్లగ్ పూర్తిగా పీకి బ్యాటరీ మార్చండి, అక్షరాలున్న వైపు పైకి రావాలి. తేదీ సరిచేయండి. తర్వాత సీఎస్ఎం ఆన్ చేసి చూడండి. కొన్ని బోర్డుల్లో సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్ ఫైళ్లను రానివ్వని రక్షణ) ఆపితే గానీ ఆ ఆప్షన్ కనపడదు.

సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు ఎలా మాట్లాడాలో చెప్పే సెట్టింగ్) కూడా ఒకసారి చూడండి, ఏహెచ్‌సీఐ అనో రెయిడ్ అనో ఉంటుంది. అది మారిపోతే మాత్రం లక్షణం వేరు, విండోస్ లోగో దాకా వచ్చి నీలం తెర మీద ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని ఆగిపోతుంది. మీకు అంతదాకా కూడా రావట్లేదు కాబట్టి నా అనుమానం సీఎస్ఎం మీదే.

నీలంతెర:

ఇంత కథ ఎందుకు బ్రో. విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి రిపేర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరువు, బూట్‌రెక్‌తో ఫిక్స్‌ఎంబీఆర్, ఫిక్స్‌బూట్, రీబిల్డ్‌బీసీడీ వరసగా కొట్టు. కాకపోతే చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ పెట్టి వదిలెయ్, పొద్దున్నకి అయిపోతుంది.

పాతప్లాటర్:

దయచేసి ఇప్పుడే అవేవీ కొట్టకండి. @నీలంతెర చెప్పినవి పనికిరాని కమాండ్లని కాదు, సమయం అది కాదు. అవన్నీ డిస్క్ మీద రాసేవి. వేరే కాపీ లేని ఫైళ్లున్న డిస్క్ మీద, దాని ఆరోగ్యం ఎలా ఉందో చూడకుండా ఏదీ రాయకూడదు. చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ అయితే డిస్క్ మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకి చదువుతుంది. హెడ్ (డేటా చదివే భాగం) బలహీనపడ్డ డిస్క్ ఆ రాత్రే పూర్తిగా పడుకున్నా ఆశ్చర్యం లేదు. పైగా చదవలేని సెక్టర్లు (డిస్క్ మీద డేటా ఉండే చిన్న చిన్న గడులు) ఉన్న ఫైళ్లను అది తనకు తోచినట్టు సరిచేస్తుంది, ఆ తర్వాత రికవరీ ఇంకా కష్టం.

ఇక ఫిక్స్‌ఎంబీఆర్ అనేది పేరులోనే ఉన్నట్టు ఎంబీఆర్ డిస్కులకి. యూఈఎఫ్ఐ పద్ధతిలో వేసిన విండోస్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఫిక్స్‌బూట్ కూడా చాలాసార్లు యాక్సెస్ డినైడ్ అని ఊరుకుంటుంది. అక్కడ ఈఎఫ్ఐ పార్టిషన్‌కి, అంటే పైన చెప్పిన ఆ చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌కి, డిస్క్‌పార్ట్ కమాండ్‌తో ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు మళ్లీ రాయించడం మేలు.

బ్యాటరీ మార్చండి, దానికి నాదీ ఓటే. కానీ సీఎస్ఎం జోలికి వెళ్లే ముందు ఒక పని. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్) తయారుచేసి దానితో బూట్ చేయండి, ఇన్‌స్టాల్ చేయొద్దు, ట్రై అని ఉన్నదే నొక్కండి. అది యూఈఎఫ్ఐలో, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా తెరుచుకుంటుంది. అందులో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి మీ హార్డ్ డిస్క్ ఎంచుకుంటే పార్టిషనింగ్ దగ్గర మాస్టర్ బూట్ రికార్డ్ (అదే ఎంబీఆర్) అని ఉందో, జీయూఐడీ పార్టిషన్ టేబుల్ (జీపీటీ, కొత్త పద్ధతిది) అని ఉందో కనిపిస్తుంది. ఖాళీసెక్టర్ గారి అనుమానం నిజమో కాదో ఊహించక్కర్లేకుండా తేలిపోతుంది. రెండోది వస్తే మాత్రం సీఎస్ఎంతో పని లేదు.

అదే ప్రోగ్రామ్ మెనూలో స్మార్ట్ డేటా అని, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు ఉంటాయి, దాని ఫొటో పెట్టండి. ముఖ్యంగా చూడాల్సినవి 5, 197, 198, 199 నంబర్లు. 5 అంటే ఇప్పటికే పాడై బదులు సెక్టర్ వాడిన లెక్క. 197 అంటే చదవడానికి మొండికేస్తూ ఇంకా తేల్చని సెక్టర్లు. 198 అంటే డిస్క్ తనంతట తాను చూసుకున్నప్పుడూ చదవలేకపోయినవి. 199 పెరుగుతుంటే అది డిస్క్ జబ్బు కాదు, ఎక్కువసార్లు కేబుల్ జబ్బే. పైన స్టేటస్ ఓకే అని రాసి ఉన్నా నమ్మొద్దు, 197లో పదుల్లో సెక్టర్లున్నా ఓకే అనే డిస్కులు బోలెడు.

కొత్తకీబోర్డు:

ముందుగా అందరికీ థాంక్స్. బ్యాటరీ మార్చాను, స్విచ్ ఆపి మళ్లీ వేసినా తేదీ ఇప్పుడు నిలబడుతోంది. లైవ్‌లో చూస్తే మాస్టర్ బూట్ రికార్డ్ అనే ఉంది. సీఎస్ఎం ఆన్ చేయగానే బూట్ లిస్ట్‌లో డిస్క్ పేరు వచ్చింది, విండోస్ వచ్చింది! కానీ స్మార్ట్‌లో 5 దగ్గర సున్నా, 197 దగ్గర 24, 198లో కూడా 24, 199 సున్నా. స్టేటస్ ఓకే అనే ఉంది. విండోస్ కూడా కాస్త ఆగి ఆగి నడుస్తోంది. ఎలాగూ ఇంతదాకా వచ్చాం కదా, ఎంబీఆర్2జీపీటీ అని విండోస్‌లోనే టూల్ ఉందట, దానితో కొత్త పద్ధతికి మార్చేస్తే మళ్లీ ఈ గొడవ ఉండదు కదా?

పాతప్లాటర్:

ఇప్పుడు వద్దు. ఆ టూల్ మంచిదే, విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి ఉంది, డేటా పోకుండానే మారుస్తుంది, కానీ ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద. మీ దాంట్లో చదవలేని సెక్టర్లు 24 ఉన్నాయి, అంటే మీకు రెండు వేర్వేరు సమస్యలు ఒకేసారి ఉన్నాయి. బూట్ అవ్వకపోవడానికి కారణం బ్యాటరీ, డిస్క్ పాడవడం మొదలైంది అనేది వేరే సంగతి. బ్యాటరీ చావకపోయి ఉంటే రెండోది మీరు చూసేవారే కాదు.

ఇప్పుడే ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి, ముఖ్యమైనవి ముందు. ఒకటి ఎక్కడైనా ఇరుక్కుపోతే దాన్ని వదిలేసి మిగతావి కానివ్వండి. డిస్క్ మొత్తం యథాతథంగా కావాలంటే లైవ్ లైనక్స్‌లో డీడీరెస్క్యూ వాడండి, మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ చెడ్డ సెక్టర్ దగ్గర ఆగిపోవచ్చు, ఇది దాన్ని పక్కన పెట్టి మంచి భాగాలు ముందు లాగి చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పకుండా ఇవ్వండి, మధ్యలో కరెంట్ పోయినా ఆగిన చోట నుంచే కొనసాగుతుంది. ఎంటర్ కొట్టే ముందు ఏది పాతది ఏది కొత్తది అని సీరియల్ నంబర్‌తో సరిచూసుకోండి. తారుమారైతే ఎవరూ ఏమీ చేయలేరు.

నీలంతెర:

సరే, 24 చూశాక నేనూ చెక్‌డిస్క్ అనను. కానీ ఎస్ఎస్‌డీకి మారేటట్టయితే క్లోన్ అయ్యాక నేను చెప్పిన కమాండ్లు పనికొస్తాయి బ్రో, చెడ్డ సెక్టర్ల వల్ల బూట్ ఫైళ్లు దెబ్బతిని ఉంటే.

ఖాళీసెక్టర్:

నిజమే, కొత్త డిస్క్ మీద నిరభ్యంతరంగా కొట్టొచ్చు. ఎంబీఆర్2జీపీటీ కూడా అప్పుడే, అది పూర్తయ్యాక సీఎస్ఎం ఆఫ్ చేసి సెక్యూర్ బూట్ ఆన్ చేసుకోవచ్చు. ఎస్ఎస్‌డీ పాత డిస్క్ కంటే ఒక్క సెక్టర్ కూడా చిన్నది కాకుండా చూసుకోండి, 1 టీబీకి బదులు 960 జీబీ కొంటే నేరుగా క్లోన్ చేయలేరు. క్లోన్ అయ్యాక మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేసి ఉంచండి. రెండింటికీ ఒకటే డిస్క్ సిగ్నేచర్ (గుర్తింపు సంఖ్య) ఉంటుంది కాబట్టి విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేసేస్తుంది, ఏ డిస్క్ నుంచి బూట్ అయిందో కూడా తెలియక మళ్లీ ఇక్కడికే రావాల్సి వస్తుంది.