పాత ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ: క్లోన్ చేయాల్నా, విండోస్ కొత్తగా ఎక్కించాల్నా?

వడ్డేపల్లి_కట్ట:
4వ తరం ఐ5 ల్యాప్‌టాప్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఆన్ చేస్తే ఐదు నిమిషాలు పడుతోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడూ 100 శాతమే. 480 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) తెచ్చిన. ఇంటి భూమి కాగితాల స్కాన్లు, ఫొటోలు అన్నీ పాతదాంట్లోనే ఉన్నయ్. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీలోకి కాపీ (క్లోన్) చేసుడా, విండోస్ కొత్తగా ఎక్కించుడా, ఏ పద్ధతి మంచిది?

సర్వీస్_హన్మకొండ:
కొత్తగా ఎక్కించుడే. క్లోన్ చేస్తే పాత డ్రైవర్లు, పనికిరాని ప్రోగ్రాములు అన్నీ వెంట వస్తయ్. లైసెన్స్ గురించి రంది వద్దు. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటది, డిస్క్‌తో కాదు. నెట్ కలపంగనే యాక్టివేట్ అయితది.

కాజీపేట_జంక్షన్:
నిదానానికి కారణం ఆ ప్రోగ్రాములు కాదన్నా. తిరిగే డిస్క్‌లో హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలె, అందుకే సెకనుకు వంద దాకానే చిన్న రీడ్లు. సాటా ఎస్ఎస్‌డీలో అవి వేలల్లో ఉంటయ్. క్లోన్ చేసినా ఆ వేగం వస్తది. అకౌంట్ల సాఫ్ట్‌వేర్, ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్ మళ్ళీ పెట్టుకునే బాధ ఎందుకు?
ఒక్కటి చూసుకో: 500 జీబీ నుంచి 480కి సెక్టార్‌కు సెక్టార్ (డిస్క్‌లోని ఒక్కో చిన్న ముక్క వరుసగా) కాపీ పట్టదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చివరి పార్టిషన్‌ను 25 జీబీ తగ్గించి, తర్వాత క్లోన్ చెయ్.

బాలసముద్రం:
ఎస్ఎస్‌డీ మందం 7 మి.మీ. పాత ల్యాప్‌టాప్‌లల్ల డిస్క్ పెట్టే అరలు (బేలు) 9.5 మి.మీ.వి చాలా ఉన్నయ్. 2.5 మి.మీ. స్పేసర్ (సందు నింపే పట్టీ) లేకపోతే ఊగి కనెక్టర్ వదులైతది.

సర్వీస్_హన్మకొండ:
ఆ డిస్క్ ఎంబీఆర్ (డిస్క్‌ను భాగాలు చేసే పాత పద్ధతి) అయితే క్లోన్ కూడా ఎంబీఆరే. బయోస్ సెట్టింగుల్లో యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) ఒక్కటే పెట్టి ఉంటే బూట్ కాదు. అప్పుడు మళ్ళీ షాపుకే వస్తరు.

కాజీపేట_జంక్షన్:
ఎంబీఆర్‌తో నడుస్తున్న మెషీన్ లెగసీ మోడ్‌లోనే (పాత బూట్ పద్ధతి) ఉన్నట్టు. బయోస్ ముట్టకుండా డిస్క్ మారిస్తే అదే మోడ్‌లో లేస్తది. జీపీటీ (భాగాలు చేసే కొత్త పద్ధతి) కావాలంటే ఎంబీఆర్2జీపీటీ అనే కమాండ్ విండోస్ 10లోనే ఉంది.

సర్వీస్_హన్మకొండ:
అందరికీ ఆ కమాండ్ కొట్టొస్తదా?

కాజీపేట_జంక్షన్:
రాకపోతే చేసిచ్చుడే కదా మీ పని! ఒక షాపుల అడగకుండ ఫార్మాట్ కొట్టి ఇచ్చిన్రు, డీ డ్రైవ్‌తో సహా పోయింది. మీకు రెండు గంటల పని తప్పుతదని కొత్తగా ఎక్కియ్యుమంటరు.

ములుగు_రోడ్:
విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోనే మద్దతు అయిపోయింది. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే అధికారికం. విండోస్ బదులు లినక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోండి.

సర్వీస్_హన్మకొండ:
లినక్స్ మాట తర్వాత. జంక్షన్, అసలు సంగతి విను. మా దగ్గరికి వచ్చే నిదానం డిస్కుల్లో సగం చావుకు దగ్గరున్నవే. క్లోన్ అంటే డిస్క్‌ల ఉన్నదంతా గంటల తరబడి చదివించుడు. మధ్యల డిస్క్ పోతే "నువ్వే పోగొట్టినవ్" అని మా మీద పడతరు. డేటాకు జిమ్మేదారు ఎవరో ముందే తేలాలె. నా కొట్లాట అంతా గదే.

కాజీపేట_జంక్షన్:
గట్ల ముందే చెప్తే అయిపోతుండె. జిమ్మేదారి యజమానిదే, ఒప్పుకుంట. కానీ ఫార్మాట్ కొట్టే ముందు అడుగుడు మాత్రం షాపు జిమ్మేదారి.
కట్ట తమ్మీ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం చూపే ప్రోగ్రామ్) పెట్టి 05 (చెడిపోయి మార్చిన సెక్టార్లు), సీ5 (చదవరాక ఆగినవి) వరుసల్లో చివరి నిలువు గడి చూసి చెప్పు.

వడ్డేపల్లి_కట్ట:
05 దగ్గర అన్నీ సున్నాలే. సీ5 దగ్గర సున్నాల చివర 18 ఉంది.

సర్వీస్_హన్మకొండ:
అవి హెక్స్ (పదికి బదులు పదహారు చొప్పున లెక్క) అంకెలు. 18 అంటే 24 సెక్టార్లు చదవరాక ఆగి ఉన్నయ్. ఇప్పుడే ఆఫ్ చెయ్, ఆ విండోస్ మళ్ళీ లేపకు. డిస్క్ బయటికి తీసి యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి ఇంకో కంప్యూటర్‌కు తగిలించు. ముందు భూమి కాగితాలు, తర్వాత ఫొటోలు కాపీ చెయ్. ఎస్ఎస్‌డీలో విండోస్ కొత్తగానే.

కాజీపేట_జంక్షన్:
ఈ డిస్క్‌కైతే నేను కూడా క్లోన్ అనను. కాపీ మధ్యల ఆగిపోతే మళ్ళీ మళ్ళీ కొట్టకు. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపి డీడీరెస్క్యూ (చెడుతున్న డిస్క్ నుంచి డేటా తీసే ప్రోగ్రామ్) వాడు. అది మంచి భాగాలు ముందు తీసుకుని, చెడ్డ సెక్టార్లను చివరికి పెడతది. మ్యాప్ ఫైల్ (ఎంత దాకా కాపీ అయిందో రాసుకునేది) ఇయ్యడం మరువకు, కరెంటు పోయినా ఆగిన కాడినుంచే మొదలైతది. ఇమేజ్ (డిస్క్ మొత్తం నకలు ఫైల్) పెట్టడానికి 500 జీబీ కన్నా పెద్ద డిస్క్ కావాలె.

వడ్డేపల్లి_కట్ట:
ఆఫ్ చేసిన. 1 టీబీ బయటి డిస్క్ రేపు తెస్త.