బత్తాయి తోటలో సామాన్ల గదికి కాంక్రీటు నేల: సొంతంగా వేసుకునేవారు ముందుగా ఏమేమి చూసుకోవాలి?

బత్తాయి రైతు, గుర్రంపోడు వైపు

పెద్దలందరికీ నమస్కారం. మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. డ్రిప్పు ఫిల్టరు, మందు కొట్టే పంపు, యూరియా బస్తాలు, పారలు, గడ్డపారలు అన్నీ ఇన్నాళ్లూ బోరు పక్కన టార్పాలిన్ కప్పి పెట్టుకుంటూ వచ్చాము. నిరుడు వానలకు అడుగు వరుస బస్తాలు తేమ పట్టి రాళ్లలా గడ్డకట్టాయి. ఆ నష్టం చూసిన తరువాత 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో ఇనుప పైపుల స్తంభాల మీద రేకుల గది వేసుకోవాలని నిర్ణయించుకున్నాము. కింద కాంక్రీటు నేలను నేను, మా బామ్మర్ది కలిసి స్వయంగా వేయాలని అనుకుంటున్నాము. మా ఇద్దరికీ ఇదివరకు ఈ పని చేసిన అనుభవం లేదు.

నా సందేహాలు ఇవి. నేల మందం ఎంత ఉండాలి, సలాక వేయడం తప్పనిసరా? మేము అనుకున్న చోటు సగం ఎర్ర చలక, సగం నల్లరేగడి; దాని వల్ల ఇబ్బంది వస్తుందా? మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, ఆ నీళ్లతో కాంక్రీటు కలపవచ్చా? మే నెలలో తోట పని తక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడే వేద్దామనుకుంటున్నాము.

తాపీ మేస్త్రీ, మిర్యాలగూడ

తమ్ముడూ, మీరు అడిగిన వాటిలో అసలైనది సగం చలక సగం రేగడి అన్న మాటలో ఉంది. సిమెంటు, సలాకల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోతుంది. వేసవిలో రేగడి చేను నెర్రెలు బారినప్పుడు ఒక నెర్రెలో చెయ్యి పెట్టి చూడండి, మణికట్టు దాకా దిగుతుంది. మీ గది కింద ఒక సగం ఏటేటా అలా లేచి దిగుతూ, చలక ఉన్న సగం మాత్రం కదలకుండా ఉంటే, ఆ రెండు రకాల మట్టీ కలిసే గీత మీదనే మీ కాంక్రీటు పగులుతుంది. ఎంత మంచి సిమెంటు వాడినా, ఎన్ని సలాకలు వేసినా ఆ పగులు ఆగదు. కాబట్టి ముందుగా నాలుగు మూలలా మూడడుగుల లోతు గుంతలు తీసి చూడండి. పైన చలకలా కనిపించిన చోట అడుగున రేగడి ఉండవచ్చు. పది పదిహేను అడుగులు పక్కకు జరిగితే మొత్తం గది చలకలోకి వచ్చే వీలుంటే, బోరుకు కాస్త దూరమైనా సరే, జరపడమే మంచిది. వీలు కాకపోతే రేగడిని కనీసం రెండున్నర అడుగుల లోతు, గది కొలతకు చుట్టూ అడుగున్నర ఎక్కువగా తవ్వి తీసేసి, మొరంతో నింపాలి. మొరాన్ని ఒకేసారి ట్రాక్టరుతో కుమ్మరించి పైపైన తొక్కించడం వల్ల ప్రయోజనం లేదు. ఆరు అంగుళాల మందం పరచి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, ఆ తరువాతే మరో వరుస వేయాలి. దిమ్మిస దెబ్బకు గుల్ల చప్పుడు పోయి గట్టి చప్పుడు వచ్చేదాకా కొట్టాలి. చెట్ల పాదుల నీళ్లు ఆ మొరంలోకి దిగకుండా చూసుకోండి.

నేల మట్టం చుట్టుపక్కల కంటే కనీసం తొమ్మిది అంగుళాలు ఎత్తు ఉండాలి. మూలమట్టం కోసం కర్ణం కొలవండి. మీ 12, 10 అడుగుల కొలతకు రెండు కర్ణాలూ 15 అడుగుల ఏడున్నర అంగుళాల దగ్గర సమానంగా రావాలి.

గోశాల నేల వేసుకున్నవాడిని, జడ్చర్ల

నాలుగేళ్ల కిందట మా పశువుల కొట్టానికి నేనూ ఇలాగే స్వయంగా నేల వేశాను కాబట్టి నా అనుభవం చెబుతున్నాను. అదీ మే నెలే. మధ్యాహ్నం రెండు గంటలకు సగం పని మిగిలింది. మాల్ (కలిపిన కాంక్రీటు) గట్టిగా ఉండి పారకు లాగడం కష్టంగా ఉందని ప్రతి కలుపుకూ ఒక బిందె నీళ్లు ఎక్కువ పోశాను. గంట తిరగకుండానే పైన తడి మెరుపు పోయి, ఎండిన చెరువు అడుగులా సన్నటి గీతలు వచ్చాయి. వాటి మీద పొడి సిమెంటు చల్లి రుద్ది కప్పేశాను. మూడు నెలల తరువాత చీపురుతో ఊడ్చిన ప్రతిసారీ బూడిద రంగు పిండి లేచేది. ఇప్పుడు ఆ సగంలో కంకర పైకి తేలింది. పొద్దున ఏడింటికి ముందే వేసిన మిగతా సగం మాత్రం ఇప్పటికీ బాగున్నది.

అందువల్ల దయచేసి మే నెల వద్దు. నవంబరు, డిసెంబరు నెలలు మంచివి. వేసవిలోనే తప్పనిసరి అయితే తెల్లవారుజామున మొదలుపెట్టి, పొద్దెక్కకముందే ముగించి, వెంటనే తడి గోనె సంచులు కప్పండి. పైకి ఊరిన నీరు తనంతట తాను ఇంకిపోయేదాకా తాపీ పెట్టకండి. కాలు మోపితే పావు అంగుళం గుర్తు పడే దశలో రుద్దడం మొదలుపెట్టాలి.

సివిల్ పని చూసేవాడిని, దేవరకొండ

నీళ్ల సంగతి నేను చెబుతాను. మన మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు చేసిన కీడు అందరికీ తెలిసిందే, అందుకే మీకు ఆ భయం కలగడం సహజం. అయితే లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వల్ల కాంక్రీటుకు నష్టం లేదు. చూడవలసినవి ఉప్పదనం, సల్ఫేటు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సలాక ఉండే కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు క్లోరైడు 500 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 మిల్లీగ్రాములు మించరాదు. బోరు నీళ్లు నోటికి ఉప్పగా తగిలితే కలపడానికి కుళాయి నీళ్లు తెచ్చుకోండి. మొత్తం పనికి డ్రమ్మున్నర చాలు.

మందం నాలుగు అంగుళాలు పెట్టుకోండి. 12, 10 అడుగులకు 40 ఘనపుటడుగుల కాంక్రీటు అవుతుంది. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే సిమెంటు తొమ్మిది బస్తాలు, ఇసుక 17 ఘనపుటడుగులు, 20 మిల్లీమీటర్ల కంకర 34 ఘనపుటడుగులు పడుతుంది. మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) లేకుండా చేత్తో కలిపేట్లయితే పదో బస్తా కూడా తెచ్చి, ప్రతి కలుపులోనూ సిమెంటు పదో వంతు పెంచండి. తట్టలతో లెక్క పెడితే ఒక్కో మనిషి ఒక్కో రకంగా నింపుతాడు. అందుకని అడుగు పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల లోతుతో ఒక చెక్క పెట్టె చేయించుకోండి. అందులో ఒక సిమెంటు బస్తా సరిగ్గా పడుతుంది. ఒక్కో బస్తాకు పెట్టెన్నర ఇసుక, మూడు పెట్టెల కంకర అని లెక్క తప్పకుండా సాగుతుంది. తడి ఇసుక ఉబ్బి ఉంటుంది కాబట్టి దానిని పెట్టెన్నర కంటే కాస్త ఎక్కువ వేయాలి, నీళ్లు తగ్గించాలి. బస్తాకు 25 లీటర్లు దాటనివ్వకండి.

మీ కొలతకు 8 మిల్లీమీటర్ల సలాక ఎనిమిది అంగుళాలకు ఒకటి చొప్పున అటూ ఇటూ వేస్తే దాదాపు 45 కిలోలు అవుతుంది. దానిని మట్టి మీద పరచి పైన కాంక్రీటు పోస్తే డబ్బు మట్టిలో కలిపినట్టే. సలాక కింద దానిని ఎత్తి పట్టే రెండంగుళాల కవర్ బ్లాకులు పెట్టండి. బస్తాలు తేమ పట్టడం మీ అసలు బాధ కాబట్టి, మొరం మీద మందపాటి పాలిథిన్ షీటు పరచడం మాత్రం మరచిపోవద్దు.

బత్తాయి రైతు, గుర్రంపోడు వైపు

అందరికీ కృతజ్ఞతలు. మేస్త్రీ గారు చెప్పినట్టు నిన్న గుంతలు తీశాము. తూర్పు మూలలు రెండూ మూడడుగుల దాకా చలకే. పడమటి మూలల్లో ఒకదానిలో అడుగున్నర తరువాత నల్లమట్టి తగిలింది, ముద్ద చేసి చూస్తే జిగటగా చేతికి అంటుకుంది. గదిని తూర్పుకు 14 అడుగులు జరిపి మళ్లీ తవ్వితే నాలుగు మూలలా చలకే వచ్చింది. పని నవంబరుకు వాయిదా వేశాము. స్తంభాలను కాంక్రీటు నేలలోనే పాతవచ్చా?

తాపీ మేస్త్రీ, మిర్యాలగూడ

వద్దు తమ్ముడూ. నాలుగంగుళాల నేల తన మీద పెట్టిన బరువును మోస్తుంది గాని, గాలిదుమారానికి రేకులు పైకి లేస్తుంటే స్తంభాన్ని పట్టి ఉంచలేదు. నాలుగు మూలలా అడుగున్నర చదరం, రెండడుగుల లోతు గుంతలు తీసి, అందులో కాంక్రీటు పోసి, కొక్కెం బోల్టులు ముందుగానే నిలిపి, వాటి మీద స్తంభాల ప్లేట్లు బిగించండి. ఆ గుంతల పని నేల కంటే వారం ముందే పూర్తి కావాలి. ఆ మూలల కాంక్రీటుకూ నేలకూ మధ్య అర అంగుళం థర్మాకోల్ పెడితే రెండూ ఒకదాన్నొకటి లాగవు. నేల వేసిన మర్నాడు పొడవుకు సరిగ్గా మధ్యలో కట్టర్‌తో అంగుళం లోతు అడ్డగాడి కోయండి, పగులు వస్తే ఆ గాడిలోనే వస్తుంది.

చుట్టూ మట్టితో మడి కట్టి, రెండంగుళాల నీళ్లు పద్నాలుగు రోజులు నిలపండి. మన దగ్గర దొరికే సిమెంటు ఎక్కువగా బూడిద కలిసినదే కాబట్టి వారంతో ఆపవద్దు. రేకులు ఆ తరువాత ఎక్కించవచ్చు. యూరియా బస్తాలు మాత్రం నెల దాటాకే పెట్టండి, వాటి కింద చెక్క బద్దలు వేసి, గోడ రేకుకు జానెడు దూరంగా పేర్చండి.