వైజాగ్‌లో సముద్రం కనిపించేలా డిన్నర్: ఎక్కడ కూర్చుంటే మంచిది?

కూకట్‌పల్లి_కుర్రాడు: మే నెలలో అమ్మానాన్నల 30వ పెళ్లిరోజు. బీచ్ రోడ్డు వైపు, సముద్రంలో సూర్యాస్తమయం చూస్తూ భోంచేసేలా ప్లాన్ చేస్తున్నా. టేబుల్ ఎలా అడగాలి? అమ్మ శాకాహారి. నాన్నకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు.

కోనెం_పులుసు: టేబుల్ సంగతి నన్నడగండి. ఫోన్లో 'సీ వ్యూ' అన్నారు. తీరా వెళ్తే స్తంభం పక్కన కూర్చోబెట్టారు. మెడ బాగా తిప్పితే రెండు కొబ్బరిచెట్ల మధ్య జానెడు నీళ్లు. దీనికంటే మన డాబా మీద ట్యాంకు నయం అంది మా ఆవిడ. బిల్లు 3,400.

లంగరు: సముద్రంలో సూర్యాస్తమయమా? వైజాగ్‌లోనా? బాబూ, మనకి సముద్రం తూర్పున ఉంది.

గాజువాక_గోపి: ఎందుకు కనిపించదండీ, నేనే చూశాను. ఫోటో కూడా ఉంది.

లంగరు: 22 ఏళ్లు ఓడల మీద పనిచేసినవాణ్ణి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. డిసెంబరులో సూర్యుడు ఎంత దక్షిణానికి జరిగినా నేల వైపే దిగుతాడు. ఏదీ, పెట్టండి ఆ ఫోటో.

గాజువాక_గోపి: పెట్టాను, చూసుకోండి. 22 ఏళ్లు ఓడల్లో తిరిగితే సూర్యుణ్ణి మీకేమైనా రాసిచ్చారా?

లంగరు: ఫోటో మీద ఏప్రిల్, 5:31 అని ఉంది. ఏప్రిల్‌లో సాయంత్రం అయిదున్నరకి పొద్దు ఇంకా బారెడు పైనే ఉంటుంది. ఇది తెల్లవారుజామున తీసింది.

గాజువాక_గోపి: సరే, ఆ రోజు ట్రైన్ దిగి నేరుగా బీచ్‌కే వెళ్లినట్టున్నాం. అంతమాత్రానికి మాస్టారిలా ఎర్రసిరాతో దిద్దక్కర్లేదు.

పెదవాల్తేరు_అక్క: వీళ్ల గొడవ వదిలేయ్ తమ్ముడూ. పౌర్ణమి దగ్గర్లో పడితే ఆ రోజే పెట్టుకో. పొద్దు వెనక కొండల్లో దిగే వేళకే చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు, తోమిన ఇత్తడి పళ్లెంలా. అయిదున్నరకే వెళ్లి కూర్చోండి. వెన్నెల లేని రోజైతే ఏడు దాటాక సముద్రమంతా నలుపే. లంగరేసిన ఓడల దీపాలు, డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు తప్ప ఏమీ ఉండదు. ఏసీ గదిలో కూర్చుంటే అదీ లేదు, అద్దంలో మన మొహాలూ మన పప్పు గిన్నే కనిపిస్తాయి. బయట టేబుల్ అడుగు. కానీ మేలో ఆ ఉప్పుగాలికి ఒళ్లంతా జిడ్డు, అమ్మని పట్టుచీర వద్దను.

కోనెం_పులుసు: ఇంకో మాట. మేలో చేప ఆర్డర్ చేయకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్. అప్పుడు తాజా వంజరం అన్నారంటే అది ఐస్‌లో నిద్ర లేచిన వంజరం.

జాలారిపేట_చిన్నోడు: తెలిసీ తెలియకుండా రాయకండి. నిషేధం మోటారు పడవలకి. తెప్పల మీద వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉంటారు.

కోనెం_పులుసు: ఆ తెప్ప చేప మీ వీధి దాటి హోటల్ దాకా వస్తుందా?

జాలారిపేట_చిన్నోడు: రాదు. మేమే తినేస్తాం.

బిల్లు_బాధితుడు: చేప సంగతి సరే, బిల్లు కింద సర్వీస్ చార్జ్ చూసుకోండి. నాకు 10 శాతం తగిలించారు. తీసేయమంటే 'వ్యూకి సార్' అన్నాడు కుర్రాడు. హోటళ్లు దాన్ని బలవంతంగా వసూలు చేయకూడదని 2022లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాక మేనేజర్ వచ్చి కొట్టేశాడు. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే.

గాజువాక_గోపి: వందల్లో చార్జ్‌కి కోర్టు దాకా వెళ్లేలా ఉన్నారే.

బిల్లు_బాధితుడు: 290 రూపాయలు. మీరిస్తారా?

కూకట్‌పల్లి_కుర్రాడు: అన్నలూ, అమ్మకి వెజ్, నాన్నకి మెట్లు అని అడిగాను...

పెదవాల్తేరు_అక్క: లిఫ్ట్ ఉందా అని అడక్కు, ఉందనే చెబుతారు. టెర్రస్ దాకా వెళ్తుందా అని అడుగు. మా అత్తగారిని తీసుకెళ్తే లిఫ్ట్ దిగాక ఇంకా పద్నాలుగు మెట్లు. కిందే ఒక కుర్చీ వేయించుకుని ఆవిడ పెరుగన్నం తినేసింది.

గాజువాక_గోపి: కైలాసగిరి కొండ మీదికి తీసుకెళ్లు తమ్ముడూ. రోప్‌వే ఉంది. పైనుంచి వ్యూ అదిరిపోతుంది.

లంగరు: అక్కణ్ణుంచి చూసినా సముద్రంలో దిగడు. ముందే చెబుతున్నా.