కాలువ గట్ల చెట్లకు పట్టిన బదనికను కూడా కొట్టించాలా, తోటల వరకే ఆగాలా?

మామిడి రైతు (రామచంద్రపురం)

మా ఊరి మామిడి రైతులం కలిసి ఒక ఆలోచన చేస్తున్నాము. కాయ కోత పూర్తికాగానే తోటల్లో కొమ్మలను పట్టి బతికే బదనిక అనే పరాన్నజీవి మొక్కతోపాటు, పంట కాలువ గట్టు పొడవునా ఉన్న కానుగ, వేప, నిద్రగన్నేరు చెట్ల మీది బదనికను కూడా ఒకే విడతలో కొట్టించెయ్యాలన్నది ఆ ఆలోచన. తోటను ఎంత శుభ్రం చేసినా కొన్నేళ్లకు మళ్లీ పడుతోందనీ, దానికి గట్టు మీది చెట్లే పుట్టిల్లనీ మావాళ్ల వాదన. మా పాత కొత్తపల్లి కొబ్బరి మామిళ్లలో కొన్నిటికి మామిడి ఆకు ఏదో, బదనిక ఆకు ఏదో దూరం నుంచి పోల్చుకోలేని పరిస్థితి వచ్చింది. బదనిక పట్టిన చోట కొమ్మ బుడిపెలా ఉబ్బుతుంది. ఆ పైనున్న కొస సన్నబడి, కాపు తగ్గి, చివరికి ఎండిపోతుంది. అయితే ఊళ్లోని కుర్రవాళ్లు కొందరు గట్టు చెట్ల జోలికి వెళ్లవద్దని, పక్షులకు అదే ఆధారమని అడ్డుపడుతున్నారు. నా మటుకు నేను కొట్టించాలనే పక్షాన ఉన్నాను. తెలిసినవారు కారణాలతో చెబితే వింటాను.

వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు (అమలాపురం)

రైతుగారు చెప్పిన నష్టంలో అతిశయోక్తి ఏమీ లేదు. మన తోటల్లో ఎక్కువగా కనిపించే బదనిక లోరాంథేసీ కుటుంబానికి చెందిన డెండ్రఫ్తో ఫాల్కేటా. దీనికి మందమైన పచ్చని ఆకులున్నాయి, కిరణజన్య సంయోగక్రియను తానే జరుపుకుంటుంది కనుక దీనిని పాక్షిక పరాన్నజీవి అంటాము. దీనికి లేనిదల్లా నేలలో వేరు. ఆ లోటును చూషకం తీరుస్తుంది: బెరడును చీల్చుకుని, కేంబియం (బెరడు కింద కొత్త కణాలను పుట్టించే పొర) దాటి, చెట్టు దారువుతో (నీటిని మోసే కలప భాగంతో) అతుక్కుపోయే ఈ భాగం ద్వారా నీటిని, లవణాలను, వాటితోపాటు దారువులో కరిగి ఉన్న కొంత కర్బన పదార్థాన్ని కూడా తీసుకుంటుంది. చెట్టు ఆకులతో పోటీపడి నీటిని తనవైపు లాక్కోవాలంటే వాటికంటే ఎక్కువగా ఆవిరి చేస్తూ ఉండాలి. అందుకే ఎండ ముదిరి మామిడి ఆకు తన పత్రరంధ్రాలను బిగించుకున్న వేళ కూడా బదనిక ఆకు వాటిని ధారాళంగా తెరిచి ఉంచుతుంది. వేసవిలో తడి అందని తోటలో బదనిక పట్టిన కొమ్మలే ముందుగా ఎండడానికి కారణం ఇదే.

దీనికి ఆశ్రయమిచ్చే వృక్షజాతులు 400 దాకా నమోదయ్యాయి. మామిడి, సపోటా, జామ, వేప, కానుగ దేనినీ వదలదు. కాండంలో కేంబియం లేని కొబ్బరి, తాడి చెట్లకు మాత్రం ఇది పట్టడం బహు అరుదు కాబట్టి, మా కోనసీమ కొబ్బరి రైతులు ఈ చర్చ చదవకపోయినా వారికి కొరత లేదు.

ఇంత చెప్పి, గట్టు చెట్ల విషయంలో మాత్రం నేను రైతుగారితో ఏకీభవించలేను. కారణం పక్షుల మీద జాలి కాదు, గింజ ప్రయాణం చేసే తీరు. అది వివరంగా రాయాలి, రేపు రాస్తాను.

నర్సరీ యజమాని (కడియం)

చర్చకు అడ్డువస్తున్నందుకు మన్నించాలి. మా ఇంటి మామిడి మీద గోధుమరంగు గళ్లున్న పూలు పూసే వాండా మొక్క ఒకటి, పక్క పొలంలో తాడిచెట్టు నడినెత్తిన మర్రి మొక్క ఒకటి ఉన్నాయి. పనివాళ్లు రెండింటినీ బదనికే అంటున్నారు. అవీ తీయించాలా?

వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు (అమలాపురం)

వాండా ఆర్కిడ్ జాతి మొక్క. దాని వేర్లు బెరడుకు అంటుకుంటాయే కానీ లోపలికి చొరబడవు. గాలిలోని తేమ, బెరడు మీది చెత్త దానికి చాలును. ఉంచండి. మర్రి కూడా పరాన్నజీవి కాదు, తాటి మట్టల మొదళ్లలో పేరుకున్న మట్టిలో మొలిచి వేళ్లను నేలకు దించుతుంది. అయితే ముందుముందు అది తాటిని చుట్టేసి నీడతో అణగదొక్కుతుంది కాబట్టి, తాడి కావాలనుకుంటే చిన్నప్పుడే తీయించండి.

పక్షి పరిశీలకుడు (కాకినాడ)

గట్టు చెట్ల తరఫున మాట్లాడతాను. బదనిక పొద దగ్గర ఒక ఉదయం ఓపికగా నిలబడితే రెండు రకాల చిన్న పిట్టలు కనిపిస్తాయి. ఒకటి వంపు ముక్కున్న తేనెపిట్ట. రెండవది ఫ్లవర్‌పెకర్ అనే పిట్ట, దానికంటే చిన్నది, బూడిదరంగుది, మన మైదానాల్లోని పక్షులన్నిటిలో అతి చిన్నవాటిలో ఒకటి. ఇది బదనిక పండును గుటుక్కున మింగుతుంది. గింజ చుట్టూ ఉండే జిగురు అరగదు. కొన్ని నిమిషాల్లోనే ఆ గింజ జిగురుతో సహా బయటికి వచ్చి పిట్టకు అంటుకుని వేలాడుతుంది, పిట్ట దానిని వదిలించుకోవడానికి కొమ్మకు రాస్తుంది. బదనిక వ్యాప్తిలో ఈ పిట్టల పాత్ర గురించి పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931లోనే కొంకణ ప్రాంతంలో పరిశీలించి రాశారు. నీలగిరుల్లో ప్రియా దావిదార్ 1983లో ప్రచురించిన పరిశోధనలో కొన్ని బదనికల పూలకూ పండ్లకూ ఉన్న పోలికను, అది ఈ పిట్టలను ఎలా రప్పిస్తుందో చర్చించారు.

పక్షులే కాదు. రెక్కల అడుగున పసుపు, అంచున ఎర్రటి మచ్చల వరుస ఉన్న కామన్ జెజెబెల్ సీతాకోకచిలుకను మీరందరూ చూసే ఉంటారు. అది గుడ్లను బదనిక ఆకు మీద గుంపుగా పెడుతుంది, గొంగళ్లు కలిసికట్టుగా ఆ ఆకునే తింటాయి. బదనిక లేని ఊళ్లో ఆ సీతాకోకచిలుకకు బతుకు లేదు.

ఇక ప్రయోగం సంగతి. ఆస్ట్రేలియాలో డేవిడ్ వాట్సన్, మాథ్యూ హెరింగ్ 17 చిన్న అడవుల నుంచి బదనిక జాతిని పూర్తిగా తీయించి, మూడేళ్ల తరువాత పక్షులను లెక్కించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం మొత్తం పక్షిజాతుల్లో సగటున 20.9 శాతం, అడవినే నమ్ముకున్న జాతుల్లో 26.5 శాతం తగ్గిపోయాయి. పండ్లు తినే పక్షులకంటే నేల మీద పురుగులు ఏరుకునే పక్షులు ఎక్కువగా తగ్గడం అక్కడ గమనించదగ్గ విషయం. చెట్టు తన ఆకు రాల్చేముందు అందులోని పోషకాలను చాలావరకు వెనక్కి తీసుకుంటుంది, బదనిక అలా తీసుకోకుండానే రాలుస్తుంది. ఆ ఆకు కింద పడి నేలకు బలమై, పురుగులు పెరుగుతాయని వారి వివరణ.

మామిడి రైతు (రామచంద్రపురం)

అయ్యా, ప్రయోగం బాగుంది. కానీ అది అడవిలో చేసినది. మా కాలువ గట్టు అడవి కాదు. రెండు పక్కలా వరి చేలు, మధ్యలో ఒక వరుస చెట్లు. అడవిలో పది చెట్లకు ఒకదానికి బదనిక ఉంటే అడవికి లెక్క లేదు, నాకు పది చెట్లలో ఒకటి ఎండితే ఆ ఏడాది కౌలు డబ్బులో తేడా వస్తుంది. సీతాకోకచిలుకకు బతుకు లేదన్నారు. కాపు లేని చెట్టును కౌలుదారు ఏ ధరకు తీసుకుంటాడో కూడా చెప్పండి. కోరంగి మడ అడవుల్లో ఎవరూ బదనిక కొట్టమనడం లేదు, అది అభయారణ్యం. నేనడిగేది పంట భూముల మధ్య సంగతి.

లంక రైతు (కొవ్వూరు వైపు)

మామిడి రైతుగారి మాటకు నా మద్దతు. లంకల్లో పొగాకు వేసిన కుటుంబం మాది. పొగాకు మల్లె అనే పరాన్నజీవి మొక్కను కాస్త చూసీచూడనట్టు వదిలిన పొలం ఏళ్ల తరబడి దెబ్బతినడం మాకు తెలుసు. వరి కోసిన చేలల్లో చల్లిన మినుముకు బంగారు తీగ పట్టినప్పుడు కూడా అంతే, చిన్న మడిలో కనబడినప్పుడే పైరుతో సహా పీకి తగలబెట్టకపోతే చేనంతా పసుపు వల పరిచినట్టవుతుంది. పరాన్నజీవి విషయంలో సగం సగం పనులు పనికిరావు. ఊరంతా ఒకేసారి చెయ్యాలి.

వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు (అమలాపురం)

నేను రాస్తానన్నది సరిగ్గా ఇక్కడికే వచ్చింది, లంక రైతుగారికి కృతజ్ఞతలు. ఆయన చెప్పిన రెండు మొక్కల విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం. కానీ ఆ న్యాయం బదనికకు వర్తించదు.

పొగాకు మల్లె ఒరబాంకీ జాతిది. దానికి పత్రహరితమే లేదు, పొగాకు వేరు నుంచి సమస్తమూ తీసుకునే సంపూర్ణ పరాన్నజీవి. ఒక్కొక్క మొక్క దుమ్ములాంటి గింజలను లక్షల్లో రాల్చగలదు, అవి మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా పడి ఉంటాయి. తగిన పంట వేరు దగ్గరకు వచ్చి, అది స్రవించే కొన్ని రసాయనాలు సోకితేనే మొలుస్తాయి. ఈ తరహా రసాయనాల్లో మొదటిదైన స్ట్రైగాల్‌ను 1966లో పత్తి వేళ్ల నుంచి వేరుచేశారు. బంగారు తీగ గింజలు కూడా గట్టి పెంకుతో మట్టిలో ఏళ్లకేళ్లు నిలుస్తాయి. నేలలో గింజల నిల్వ ఉన్న శత్రువును ఒక్క ఏడాది వదిలినా మిగిలిన ఏళ్లన్నీ అనుభవించాల్సిందే.

బదనిక గింజకు ఆ ఓపిక లేదు. దానికి గట్టి పెంకు లేదు, నిద్రావస్థ లేదు. నేల మీద పడితే చచ్చిపోతుంది. కొమ్మకు అంటుకున్నది మాత్రం జిగురు ఆరిన కొద్ది రోజుల్లోనే పచ్చటి చిన్న కొస బయటపెడుతుంది. ఆ కొస మామూలు మొలకలా వెలుగువైపు తిరగదు, వెలుగుకు ఎదురుగా, అంటే బెరడువైపు వంగి, చివర చిన్న బిళ్లలా పరుచుకుని అక్కడి నుంచి లోపలికి దిగుతుంది. ఆ ప్రయత్నంలో ఆధారం దొరకకపోతే ఎండిపోతుంది. కాబట్టి ఒక తోటలో పండు ముదరకముందే బదనికను తీసేస్తే ఆ తోటలో దాని నిల్వ అంటూ ఏమీ మిగలదు. మళ్లీ వస్తే పిట్ట తేవాల్సిందే.

పిట్ట ఎంత దూరం నుంచి తెస్తుంది? గింజ పిట్ట కడుపులో ఉండేది కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల్లో అది ఎక్కువగా ఉండేది తిన్న పొద మీదో, దాని పక్క కొమ్మ మీదో. అందువల్ల బదనిక ఉన్న చెట్టుకే మళ్లీ మళ్లీ పడుతుంది, లేని చెట్టు చాలాకాలం లేకుండానే ఉంటుంది. ఇతర దేశాల్లో బదనిక జాతుల మీద జరిగిన పరిశోధనల్లోనూ ఈ గుంపుగా పట్టే గుణమే కనిపించింది. మీ తోటలో మళ్లీ పడుతున్న బదనికలో పెద్ద భాగం మీ తోటలో కోయకుండా వదిలిన పొదల నుంచో, పై బదనికను లాగేసి కొమ్మను ఉంచినచోట తిరిగి చిగిర్చిన మొదలు నుంచో వస్తున్నదని నా అభిప్రాయం. మైలు పొడవు గట్టు మీద కూలి ఖర్చు పెట్టేబదులు అదే డబ్బుతో తోటను రెండుసార్లు చూసుకోవచ్చును.

మామిడి రైతు (రామచంద్రపురం)

మాస్టారూ, ఈ వాదన నాకు నచ్చింది, కానీ పూర్తిగా కాదు. మా తోట తూర్పు అంచు సరిగ్గా గట్టుకు ఆనుకునే ఉంది. గట్టు కానుగ కొమ్మ, నా మామిడి కొమ్మ ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. పిట్టకు అక్కడ హద్దురాయి ఏముంది?

పక్షి పరిశీలకుడు (కాకినాడ)

తోటను తాకే చెట్ల మీదిది తీయించండి, ఎవరూ అడ్డుచెప్పరు. నేను వద్దంటున్నది గట్టంతా ఊడ్చెయ్యడాన్ని. ఇంకొక మాట, బదనిక లేకపోయినా ఆ బూడిదరంగు పిట్ట మీ ఊరు వదిలిపోదు. ఇళ్ల ముందు నాటిన సింగపూర్ చెర్రీ పండ్లన్నా దానికి ప్రాణమే.

ఆయుర్వేదాభిమాని (రాజమహేంద్రవరం)

కొట్టిన బదనికను పారేయకుండా మందులకు అమ్ముకోవచ్చు కదా? నక్షత్రానికొక చెట్టు బదనిక అని కొనేవారు కూడా ఉన్నారు.

వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు (అమలాపురం)

నక్షత్రాల సంగతి వేరే చోట మాట్లాడుకుందాం. మందు అంటే మాత్రం ఒక హెచ్చరిక: ఏ చెట్టు మీద పెరిగితే ఆ చెట్టు పదార్థాలు కొన్ని బదనికలోకి చేరతాయి. గన్నేరు మీద పెరిగిన బదనికలో గుండె మీద పనిచేసే గన్నేరు విషాలు దొరికాయి. ఏ చెట్టుదో తెలియని బదనికను కషాయం కాచి తాగడం ప్రమాదకరం.

మామిడి రైతుగారి ప్రశ్న న్యాయమైనది. తోటకు ఆనుకున్న గట్టు చెట్లను తోటలో భాగంగానే లెక్కవేసుకోండి. అక్కడి నుంచి దూరం పెరిగేకొద్దీ కొట్టించడం వల్ల మీకు ఒరిగేది తగ్గిపోతుంది. గట్టు చెట్టు మరీ నీరసించి, కొమ్మ విరిగి దారి మీద పడేలా ఉంటే అది వేరే సంగతి.

కోసే పద్ధతి గురించి. చేత్తో లాగితే ఆకులు వస్తాయి, చూషకం కొమ్మలోనే ఉండిపోతుంది. పైగా ఈ జాతి బెరడు వెంట పాకే వేళ్లను పంపి, వాటి నుంచి అక్కడక్కడ కొత్త చూషకాలను దించుతుంది. బుడిపె ఒక్కచోటే ఉందని మోసపోకండి. కొమ్మను తడిమి, పాకిన వేరు ఎంతవరకు వచ్చిందో చూసి, దానికి అడుగు, అడుగున్నర వెనక్కి, మొదలువైపు కొమ్మనే కోయండి. కోసిన మొహానికి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) పూయండి. కాండం మీదనే, లేదా ప్రధాన కొమ్మ మొదట్లోనే పట్టినచోట కోయడం కుదరదు కనుక ఏటా చిగురును గిల్లేస్తూ ఉండడమే దారి. ఆకు లేకపోతే పండు రాదు, పండు రాకపోతే ఆ పొద నుంచి మీ చెట్టుకు కొత్తది పట్టదు. ముదిరిన పండ్లున్న రెమ్మలను మామిడి చెట్ల కింద కుప్పవేసి వదలకండి, పిట్టలు వాటిని కూడా వెతుక్కుంటాయి.

మామిడి రైతు (రామచంద్రపురం)

సరేనండి. ఈ ఏడు తోటలూ, తోటలను తాకే చెట్లూ మాత్రమే చేయిస్తాము. గట్టు మిగతా భాగం జోలికి వెళ్లబోమని మావాళ్లను ఒప్పించడం నా పని. కానీ మూడేళ్ల తరువాత నా తూర్పు అంచు వరుసకు, పడమటి అంచు వరుసకు పట్టిన బదనికను విడివిడిగా లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను. తూర్పున బాగా ఎక్కువుంటే మళ్లీ గట్టు సంగతి ఎత్తుతాను.