ఒడ్డు పురుగు రెక్కలో గళ్ళు కనపడట్లేదు, ఎవరైనా చెప్పండి

లంకమట్టి:
మధ్యాహ్నం అన్నం తిని మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. మెడ పట్టేసింది. షోర్ బగ్, అంటే నీళ్ళ ఒడ్డున తిరిగే ఒడ్డు పురుగు, ఒకటి దొరికింది. సాల్డిడే కుటుంబమేనని నాకు గట్టి నమ్మకం. గుర్తింపు కీలో (ఒక్కో లక్షణం అడుగుతూ పేరు తేల్చే పట్టిక) "ముందు రెక్క పొరలో మూసిన గళ్ళు నాలుగా, ఐదా" అనే చోట ఆగిపోయాను. గళ్ళంటే రెక్క చివరి పల్చటి పొరలో ఈనెలు చుట్టూ మూసిన భాగాలు. నాకు ఒక్క గడి కూడా కనపడట్లేదు. లైటు మార్చాను, లెన్సు తుడిచాను, లాభం లేదు. దీనికి తోడు లైబ్రరీలో ఒక పాత పుస్తకం దీన్ని నేల మీది నల్లుల్లో వేసింది, ఇంకొకటి నీటి మీద నడిచేవాటి పక్కన పెట్టింది, కొత్తది లెప్టోపోడోమార్ఫా అనే విభాగం అంటోంది. సోమవారం ప్రాజెక్టు రికార్డు ఇవ్వాలి. ఏది రాయమంటారు?

మూడోకాలు:
సైజెంత? ఎక్కడ పట్టావు? ఫోటో పెట్టు.

వరిగట్టు:
ముందు ఆ "నల్లి" అనే మాట వదిలెయ్యమ్మా. ముప్పై ఏళ్ళు రైతులతో తిరిగినవాడిగా చెబుతున్నా, ఈ మాటతో జరిగే నష్టం ఇంతా అంతా కాదు. మిరపలో తెల్లనల్లి అంటే మైటు, ఎనిమిది కాళ్ళు, అసలు కీటకమే కాదు. పిండినల్లి కీటకమే, రసం పీలుస్తుంది. వరిలో కంపునల్లి నిజమైన బగ్. మంచంలో నల్లి ఇంకొకటి. మళ్ళీ సుడిదోమ, పచ్చదోమ, తెల్లదోమ అంటాం, వాటిలో ఒక్కటీ దోమ కాదు, మూడూ హెమిప్టెరానే, అంటే గుచ్చి పీల్చే నోరున్న పురుగుల వర్గం. పేరు చూసి మందు కొడితే చేను పోతుంది. మైటు మందు వేరు, పురుగు మందు వేరు. నీ రికార్డులో "ఒడ్డునల్లి" అని రాశావంటే చదివినవాడు మైటు అనుకుంటాడు.

లంకమట్టి:
సార్, నేను పొలం పురుగు గురించి అడగలేదు. గళ్ళ గురించి అడిగాను.

పాతల్యాబ్:
పుస్తకాలు మూడు రకాలుగా ఎందుకు చెప్పాయో నేను చెబుతాను. పాత పద్ధతిలో స్పర్శశృంగాలు, అంటే తల మీది మీసాలు, చూసి రెండుగా విడగొట్టేవారు. బయటికి పొడుగ్గా కనిపిస్తే జిమ్నోసెరాటా, కళ్ళ కింద దాక్కుంటే క్రిప్టోసెరాటా. నీ పురుగువి బయటికే ఉంటాయి కాబట్టి మొదటి దాంట్లో, అంటే నేల మీది వాటితో కలిసింది. నీళ్ళ ఒడ్డున ఉంటుంది, అటూ ఇటూ కాదు అనుకున్నవాళ్ళు నీటి మీద పరుగెత్తేవాటి పక్కన పెట్టారు. 1970ల నుంచి హెటిరోప్టెరాను, అంటే హెమిప్టెరాలోని నిజమైన బగ్‌ల గుంపును, ఏడు ఉపవిభాగాలుగా చూస్తున్నారు. అందులో లెప్టోపోడోమార్ఫా ఒకటి. దాని కింద నాలుగు కుటుంబాలు: సాల్డిడే, లెప్టోపోడిడే, ఒమానిడే, ఏపోఫిలిడే. సాల్డిడే అన్నింటికన్నా పెద్దది, ప్రపంచమంతా కలిపి 350 జాతుల దాకా ఉంటాయి. నీటి మీద నడిచేవి జెర్రోమార్ఫా, అది వేరే కొమ్మ. ఇప్పటి అధ్యయనాలు ఎక్కువగా ఈ ఒడ్డు పురుగుల్ని మంచం నల్లి, కంపునల్లి ఉన్న కొమ్మలకే దగ్గర చుట్టంగా చూపిస్తున్నాయి. నువ్వు ధైర్యంగా లెప్టోపోడోమార్ఫా అనే రాయి, పాత పేర్లు చరిత్రగా ఒక లైను వెయ్యి.

ఒక జాగ్రత్త. ఒడ్డున గెంతేదల్లా సాల్డిడే కాదు. జెలాస్టోకోరిడే ఉంది, చిన్న కప్పలా గరుగ్గా ఉంటుంది, ముందు కాళ్ళు లావుగా ఎర పట్టుకునేందుకు మడతపడి ఉంటాయి. అది నెపోమార్ఫా అనే ఇంకో ఉపవిభాగం, స్పర్శశృంగాలు దాక్కునే రకం.

వరిగట్టు:
అదే నా మాట. "దగ్గర చుట్టం మంచం నల్లి" అని మీరే అన్నారు, ఇక పిల్లలు దీన్ని కూడా నల్లే అంటారు. రసం పీల్చే పురుగు అని రాస్తారు. ఇది మొక్కల రసం పీల్చదు, వేటాడి తింటుంది. బురదలోని చిన్న పురుగుల్ని, ఈగల లార్వాల్ని తొండంతో గుచ్చి పీలుస్తుంది.

పాతల్యాబ్:
వేట సంగతి ఒప్పుకుంటాను. కానీ బగ్‌కి తెలుగులో నల్లి కన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. పురుగు అంటే గొంగళీ పురుగే, పెంకు పురుగూ పురుగే.

మూడోకాలు:
సైజెంత అని అడిగాను.

లంకమట్టి:
సారీ అండీ, చెప్పానేమో అనుకున్నా. రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. ధవళేశ్వరం దిగువన లంకలో, నీళ్ళు తీసిన తడి బురద మీద. కళ్ళు పెద్దవి, తల పక్కకి ఉబ్బి ఉన్నాయి. స్పర్శశృంగాలు నాలుగు కణుపులు. ముందు కాళ్ళు సన్నగానే ఉన్నాయి, మడత లేదు. రెక్కలు పొట్టిగా రెండు రేకుల్లా ఉన్నాయి, పొట్ట మీద మూడో ఖండం దాకా కూడా రావట్లేదు. అందుకే పొర ఎక్కడ మొదలవుతుందో తెలియట్లేదు.

మూడోకాలు:
రెక్కలు కావు, రెక్క మొగ్గలు. పిల్ల పురుగు. పాదంలో కణుపులు లెక్కపెట్టు.

పాతల్యాబ్:
అసలు కీలకమైన మాట ఇప్పుడు చెప్పావమ్మా! అయితే మూడోకాలు గారు తొందరపడ్డారేమో, సాల్డిడేలో పెరిగినవాటిలోనూ రెక్కలు పొట్టిగా, పొర బాగా తగ్గిపోయి ఉండే రకాలున్నాయి. అందుకని రెక్క పొడవు ఒక్కదాన్నే చూసి తేల్చకు. పాదం చూడు. పెద్దదైతే మూడు కణుపులు ఉంటాయి. తల మీద రెండు కళ్ళ నడుమ చుక్కల్లాంటి చిన్న కళ్ళు, ఒసెల్లై, పెద్దదానికి రెండు ఉంటాయి. పిల్లకి ఉండవు.

లంకమట్టి:
కణుపులు రెండే. చుక్కలు లేవు. ఏడు గంటలు లేని గళ్ళ కోసం వెతికానన్న మాట.

ఏటిగాలి:
రేపు పొద్దున్నే వెళ్ళి పెద్దవాటిని పట్టండి. చాలామంది వల ఊపుతారు, అలా చిక్కవు. గెంతి, అరగజం ఎగిరి, మళ్ళీ బురద మీదే వాలతాయి. మీ నీడ వాటి మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా నడవండి. వాలిన చోట వల నోరు నేలకి బోర్లించి, వల కొస పైకి ఎత్తి పట్టుకోండి. పైకి పాకుతుంది, అప్పుడు సీసా పెట్టండి. 70 శాతం ఆల్కహాల్ చాలు. చూసేటప్పుడు మాత్రం బయటికి తీసి రెక్క మీది తడి ఆరనివ్వండి, తడి మెరుపులో గళ్ళ గీతలు కనపడవు. లైటు పక్క నుంచి వేయండి.

వరిగట్టు:
పట్టేటప్పుడు పక్కనున్న వరిచేలో కూడా చూడమ్మా, తడి గట్ల మీదా తిరుగుతాయి. రికార్డులో పేరు "ఒడ్డు బగ్" అని పెట్టు, అందరికీ అర్థమవుతుంది.

పాతల్యాబ్:
"ఒడ్డు బగ్" అన్నది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు.

వరిగట్టు:
రైతు అలాగే అంటాడు.

పాతల్యాబ్:
ఏ రైతూ దీన్ని అసలు చూసి ఉండడు సార్.

వరిగట్టు:
చూశాడు. పేరు పెట్టలేదు, అంతే.

లంకమట్టి:
ఆదివారం పొద్దున మళ్ళీ వెళ్ళాను, ఐదు దొరికాయి. పొర ఆరాక గళ్ళు ఒకదాని పక్కన ఒకటి పొడుగ్గా, గీసినట్టు కనపడ్డాయి. నాలుగు. రికార్డు ఇచ్చేశాను. థాంక్సండీ అందరికీ.

మూడోకాలు:
పిల్లని పారెయ్యకు. వేరే సీసాలో, తేదీ రాసి పెట్టు.